వర్షమాపకం రాకముందు కురిసిన వానలు



పద్దెనిమిదో శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఒక స్కాట్లండు డాక్టరు ఉండేవాడు. పేరు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ కొలువు. మందులివ్వడం ఆయన ఉద్యోగం, మొక్కలు ఆయన వ్యసనం. వృక్షశాస్త్రం చదివినవాళ్లు ఆ పేరు వినే ఉంటారు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన రాసిన పుస్తకం, అందులో మన ప్రాంతపు చిత్రకారుల చేత వేయించిన రంగుల బొమ్మలు ఇప్పటికీ పేరున్నవి. ఆయనకి ఇంకో అలవాటుండేది. ఏ రోజు ఎంత ఎండ, ఎంత వాన అన్నది కొలిచి రాసుకునేవాడు. 1789 నుంచి ఉత్తర సర్కారుల్లో వానలు వరసగా మొహం చాటేశాయి. మూడు నాలుగేళ్లు అదే తంతు. ఊళ్లు ఖాళీ అయ్యాయి, జనం దారుల్లో రాలిపోయారు. కొలతలు చేతిలో ఉన్న మనిషి కాబట్టి డాక్టరుగారికి ఒక ప్రశ్న పుట్టింది. ఇది ఎన్నాళ్లకోసారి వచ్చే కరువు?

ఆయన దగ్గరున్న లెక్క పట్టుమని పదిహేనేళ్లది. అందులో జవాబు లేదు. పిఠాపురం సంస్థానం పాత కాగితాల ద్వారా విచారిస్తే, అంతకు సుమారు నూరేళ్ల కిందట, 1685 నుంచి 1687 దాకా, ఇలాంటిదే ఒకటి వచ్చిపోయిందని తేలింది. అక్కడితో దారి మూసుకుపోయింది. ఆ వెనక ఏముందో చెప్పే కాగితం లేదు.

మన పల్లెల్లో కరువుల జ్ఞాపకం వేరే రకంగా ఉండేది. తెలుగు సంవత్సరం పేరే కరువు పేరు. 1832-33లో గుంటూరు సీమని ఊడ్చేసింది నందన కరువు, దాన్నే డొక్కల కరువనీ అన్నారు. 1876లో రాయలసీమని కాల్చేసింది ధాత కరువు. ఆ పేర్లు పలికే ముసలివాళ్లు నా చిన్నతనంలో కూడా ఉన్నారు, వాళ్ల తాతల నోట విన్న సంగతులు చెప్పేవారు. కానీ అరవై ఏళ్లకి సంవత్సరం పేరు తిరిగొస్తుంది, రెండు మూడు తరాలకి కథ అరిగిపోతుంది. నోటి లెక్కకి ఉన్న నిడివి అంతే.

మరి పరికరాల లెక్క? మద్రాసు అబ్జర్వేటరీలో వాన కొలత 1813 నుంచి ఉంది. భారత వాతావరణ శాఖ 1875లో మొదలైంది. దేశం మొత్తానికి నైరుతి రుతుపవనాల సగటు నిలకడగా చెప్పగలుగుతున్నది 1871 నుంచి. అంటే నూట యాభై ఏళ్ల పైచిలుకు. ఈ ఏడు వాన సాధారణం కన్నా ఇంత శాతం తక్కువ అని రేడియోలో మీరు వింటుంటారు కదా, ఆ సాధారణం ఈ కాలంలోంచే, అందులోనూ ఒక యాభై ఏళ్ల ముక్కలోంచి తీసింది. దాని వెనక వేల ఏళ్ల వానలున్నాయి. ఎవరూ కొలవలేదు. అయితే అవి ఎక్కడా అంటకుండా పోలేదు. చెట్టులో, రాతిలో, బురదలో వాటి గుర్తులు మిగిలాయి. ఇవాళ నేను చెప్పబోయేది ఆ గుర్తుల గురించి. వీలైనంతవరకు గోదావరి పరీవాహకంలోనే ఉండి చెబుతాను, ఎందుకంటే ఆ మూడూ అక్కడ దొరుకుతాయి.

ముందు చెట్టు. మొద్దు కోస్తే గుండ్రటి గీతలుంటాయనీ, ఏడాదికి ఒకటనీ బడిలో చదివాం. మన వేడి ప్రాంతాల్లో అది అన్ని చెట్లకీ వర్తించదు. మామిడి మొద్దు కోసి చూడండి, గీత ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియదు. టేకు అలా కాదు. ఎండాకాలమంతా ఆకు రాల్చి మోడుగా నిలబడుతుంది. తొలకరికి చిగురు తొడుగుతుంది. అప్పుడు పెరిగిన చెక్కలో నీళ్లు పారే నాళాలు పెద్దవి. రంపం కోత మీద కాస్త గరుకు కాగితం పట్టి చూస్తే సూది బెజ్జాలంత రంధ్రాలు వరసగా మామూలు కంటికే కనిపిస్తాయి. వానలు వెనకబట్టేకొద్దీ నాళాలు చిన్నవై చెక్క గట్టిపడుతుంది. మళ్లీ పెద్ద రంధ్రాల వరస వచ్చిందంటే మరుసటి ఏడు. ఈ రెండు వరసల మధ్య దూరం ఆ ఏడు చెట్టుకి అందిన నీటికి కొలత. మంచి వానల ఏడు వేలి మందం కూడా పెరగొచ్చు, కరువు ఏడు గోటి గీతంత మాత్రమే.

చెట్టుని పడగొట్టనక్కర్లేదు. లోపల బోలుగా ఉండే బరమాని ఛాతీ ఎత్తులో తిప్పుకుంటూ నడిబొడ్డు దాకా దింపుతారు. పెన్సిలు కన్నా సన్నని పుల్ల ఒకటి బయటికొస్తుంది. బెరడు నుంచి గుండె దాకా ఉన్న గీతలన్నీ ఆ పుల్ల మీదే. చెట్టు తన గాయం తనే మాన్చుకుంటుంది.

అయితే గీతలు లెక్కపెట్టగానే పనైపోదు. ఒక్కో చెట్టు అబద్ధం చెబుతుంది. శ్రావణంలో నెల రోజులు వాన ఎగ్గొట్టి భాద్రపదంలో దంచి కొడితే, టేకు అదే ఏడాదిలో రెండు గీతలు గీసుకోవచ్చు. మరీ కరువు ఏడు ఒక పక్క గీతే పడకపోవచ్చు. అందుకని ఒక చెట్టు మాట ఎవరూ నమ్మరు. ఒకే అడవిలో పాతిక ముప్పై చెట్ల పుల్లలు తీసి, సన్నం, లావు, సన్నం, సన్నం, లావు అన్న క్రమం అన్నిటిలో ఒకే చోట కలుస్తోందా అని చూస్తారు. కలవని చెట్టులో పొరపాటు ఎక్కడుందో బయటపడుతుంది.

ఈ పద్ధతికి దారి వేసింది వృక్షశాస్త్రవేత్త కాదు, నక్షత్రాలు చూసుకునే మనిషి. అమెరికాలో అరిజోనా రాష్ట్రం. ఆండ్రూ డగ్లస్ అనే ఖగోళ శాస్త్రవేత్త సూర్యుడి మీది మచ్చలు పదకొండేళ్లకోసారి పెరిగి తరగడానికీ భూమ్మీది వానలకీ సంబంధం ఉందేమోనని అక్కడి దేవదారు జాతి చెట్ల గీతలు చూడడం మొదలెట్టాడు. సూర్యుడి సంగతి ఆయన ఆశించినంత తేలలేదు కానీ, చెట్ల గీతలతో కాలం లెక్క కట్టొచ్చని తేలింది. బతికున్న చెట్ల నుంచి వెనక్కి కొన్ని వందల ఏళ్లు వెళ్లాడు. ఆ ఎడారిలో పూర్వపు ప్యూబ్లో జనం కట్టి వదిలేసిన ఊళ్లున్నాయి, వాటి దూలాల్లో గీతలున్నాయి. ఆ దూలాలు ఒకదానితో ఒకటి కలిశాయి, కానీ బతికున్న చెట్ల వరసతో కలవలేదు. మధ్యలో ఖాళీ. ఎంత ఖాళీయో తెలియదు. 1929 జూన్ 22న షో లో అనే ఊళ్లో తవ్వుతుంటే సగం కాలి బొగ్గయిన దుంగ ఒకటి బయటపడింది. హెచ్ హెచ్ 39 అని నంబరిచ్చారు. ఆ రాత్రి దీపం దగ్గర కూర్చుని డగ్లస్ దాని గీతలు చదివాడు. లోపలి గీత 1237. రెండు వరసలూ అక్కడ కలిశాయి. అప్పటిదాకా తేదీ లేని డజన్ల కొద్దీ పాడుబడ్డ ఊళ్లకి ఒక్క రాత్రిలో తేదీలొచ్చాయి. ఖాళీ అనుకున్న చోట నిజానికి ఖాళీ లేదు. 1276 నుంచి 1299 దాకా గీతలు మరీ సన్నగా ఉండడంతో కలిపే తావు కనపడలేదంతే. ఇరవై నాలుగేళ్ల కరువు అది.

ఇక మన టేకు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు కేరళ అడవుల టేకు నుంచి 1481 మొదలు 2003 దాకా, 523 ఏళ్ల వరస తయారుచేసి 2010లో ప్రకటించారు. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నీన్యో ఏళ్లలో అక్కడి టేకు గీతలు సన్నబడుతున్నాయని అందులో చూపించారు. అదే ఏడాది అమెరికాలోని ఎడ్వర్డ్ కుక్, ఆయన సహచరులు ఆసియా ఖండమంతటా మూడొందల పైచిలుకు చోట్ల చెట్ల గీతలు సేకరించి, 1300 నుంచి ఏ ఏడాది ఎక్కడ ఎండిందో ఎక్కడ తడిసిందో పటాలు గీశారు. ఏడొందల ఏళ్లకి ఏడాదికొక పటం. వాటిలోంచి నాలుగు పెద్ద కరువుల్ని విడదీసి చూపారు. ఒకటి 1638 నుంచి 1641, చైనాలో మింగ్ వంశం కూలడానికి ముందటిది. రెండోది 1756 నుంచి 1768. మూడోది 1790 నుంచి 1796. నాలుగోది 1876 నుంచి 1878.

ఈ చివరి రెండూ మనకి చుట్టాలే. నాలుగోది మన ధాత కరువు. మూడోది రాక్స్‌బర్గ్ సామర్లకోటలో కూర్చుని రాసుకున్న కరువుతో అల్లుకుపోయి ఉంది. ఎక్కడో వియత్నాం కొండల మీదా హిమాలయాల్లోనూ ఉన్న చెట్లు మన సర్కారు జిల్లాల కరువుకి సాక్ష్యమిచ్చాయంటే నైరుతి గాలి ఎంత విశాలమైనదో ఊహించుకోవచ్చు.

చెట్టు వయసు మూడొందలు, ఐదొందలు. అంతకన్నా వెనక్కి పోవాలంటే రాతిని అడగాలి. బొర్రా గుహలకో బేలం గుహలకో వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, పైకప్పు నుంచి కొన్ని రాతి ఊడలు వేలాడుతుంటాయి, వాటి కిందే నేల నుంచి కొన్ని పైకి లేస్తుంటాయి. పైనుంచి వేలాడేదాని కన్నా కింద లేచేదే శాస్త్రవేత్తలకి ఇష్టం, ఎందుకంటే అది పొర మీద పొరగా తిన్నగా పెరుగుతుంది. వాన నీరు పై మట్టిలోంచి దిగుతూ అక్కడి బొగ్గుపులుసు గాలిని కలుపుకుని కాస్త పుల్లబడుతుంది. ఆ నీరు సున్నపురాయిని కరిగించుకుంటూ గుహలోకి చేరుతుంది. గుహ గాలి తగలగానే ఆ బొగ్గుపులుసు గాలిని వదిలేసి, కరిగిన సున్నాన్ని కింద పేరుస్తుంది. ఏడాదికి వెంట్రుక మందం. ఆ సున్నంలో ఉన్న ఆక్సిజన్‌లో కొంత ఆ వాన నీటిదే.

ఆక్సిజన్‌లో తేలికది ఒకటుంది, బరువుది ఒకటుంది. 16, 18 అని వాటి అంకెలు. సముద్రం మీంచి బయల్దేరిన మేఘం దారి పొడుగునా కురుస్తూ వస్తుంది. కళ్లంలో తూర్పారబట్టినప్పుడు గింజ దగ్గర పడి పొట్టు దూరం పోయినట్టు, బరువు ఆక్సిజన్ ఉన్న నీరు ముందు రాలిపోతుంది, తేలికది మిగులుతుంది. మేఘం ఎంత గట్టిగా కురిసి ఉంటే చివర మిగిలిన వాన అంత తేలిక. కాబట్టి గుహ రాతిలో తేలిక ఆక్సిజన్ పాలు పెరిగిన పొర మంచి రుతుపవనాల కాలం, బరువుది పెరిగిన పొర బలహీన రుతుపవనాల కాలం. పళ్ల డాక్టరు వాడే సన్నని డ్రిల్లుతో పొరపొరకీ చిటికెడు పొడి తీసి యంత్రంలో తూస్తారు.

ఏ పొర ఏ ఏడాదిదో తెలియాలి కదా. దానికి ప్రకృతి ఒక వెసులుబాటు ఇచ్చింది. యురేనియం నీళ్లలో కరుగుతుంది, థోరియం కరగదు. అందుచేత గుహలోకి దిగే బొట్టులో యురేనియం ఉంటుంది, థోరియం దాదాపు ఉండదు. రాతిలో చిక్కుకున్నాక యురేనియం మెల్లగా థోరియంగా మారుతూ ఉంటుంది. ఇవాళ ఆ పొరలో థోరియం ఎంతుందో చూస్తే, తాళం పడి ఎన్నేళ్లయిందో చెప్పొచ్చు. రాయి శుభ్రంగా ఉంటే కొన్ని వందల ఏళ్ల వయసుని కొద్ది ఏళ్ల తేడాలో పట్టేస్తారు.

గోదావరికి భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. ఆ శబరిలో నీళ్లు కలిపే ఏర్లలో ఒకటి బస్తరులోని కాంగేర్. జగదల్‌పూర్ దగ్గర ఆ కాంగేర్ లోయ అడవిలో దండక్ అనే గుహ ఉంది. పేరులోనే దండకారణ్యం ఉంది. ఆశీష్ సిన్హా, ఆయనతో పాటు అహ్మదాబాదు భౌతిక పరిశోధనాలయానికి చెందిన యాదవ, రమేశ్ తదితరులు అక్కడి రాతి స్తంభంలోంచి క్రీస్తుశకం 600 నుంచి 1500 దాకా, తొమ్మిది వందల ఏళ్ల వానల కథ చదివి 2007లో ప్రకటించారు. అందులో నన్ను ఆపిన సంగతి ఒకటే. 14వ శతాబ్దంలోనూ 15వ శతాబ్దం నడిమి కాలంలోనూ రుతుపవనాలు ఏడాదో రెండేళ్లో కాదు, దశాబ్దాల తరబడి నీరసించాయి.

దక్కను చరిత్ర తెలిసినవాళ్లకి దుర్గాదేవి కరువు గుర్తొచ్చే ఉంటుంది. 1396లో మొదలై పన్నెండేళ్లు సాగిందని చెప్పే కరువు. బహమనీల కాలం. ఊళ్లకి ఊళ్లు ఎత్తేసి జనం వలసపోయారని రాతలున్నాయి. పన్నెండేళ్లు వాన లేకపోవడమేమిటి, చెప్పుకునేవాళ్లు కాస్త పెంచి ఉంటారులే అని దాన్ని పక్కన పెట్టడం తేలిక. ఇప్పుడు గుహ రాయి ఆ కథ వైపే మొగ్గింది. అదీ ఎంతగా అంటే, పన్నెండేళ్లు అన్నది ఆ ఎండు కాలంలో ఒక ముక్క మాత్రమే అన్నంతగా.

ఇక్కడ ఒక ఆశ పుడుతుంది, దాన్ని అణుచుకోవాలి. అదే రాయి సుమారుగా పదో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా వానలు మొత్తం మీద మెరుగ్గా ఉన్నాయంటుంది. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు కట్టింది ఆ చివరి కాలంలోనే. ఆ తరవాత వానలు తగ్గాయి, 1323లో ఓరుగల్లు పడింది. ఇంకేం, కరువే కాకతీయుల్ని కూల్చిందని ఒక వ్యాసం రాసేయొచ్చు. రాసినవాళ్లూ ఉంటారు. కానీ ఓరుగల్లు కోటని పట్టుకున్నది ఢిల్లీ నుంచి వచ్చిన ఉలుగ్ ఖాన్ సైన్యం. వాన తగ్గడానికీ రాజ్యం కూలడానికీ మధ్య పన్నులు, పంటలు, అప్పులు, తగాదాలు అని నూరు మెట్లుంటాయి. ఆ మెట్ల గురించి గుహకి ఏమీ తెలియదు.

గుహకి తెలియనివి ఇంకా ఉన్నాయి. అది వాన ఎన్ని సెంటీమీటర్లో చెప్పదు, వాన నీటి బరువు చెబుతుంది. మేఘాలు అరేబియా సముద్రం వైపు నుంచి కాకుండా బంగాళాఖాతం వైపు నుంచి ఎక్కువగా వస్తే, మోతాదు మారకపోయినా బరువు మారొచ్చు. అందుకే దాన్ని ఒంటరిగా నమ్మకుండా ఇతర గుహలతో, చెట్లతో సరిపోల్చుతారు. మేఘాలయలో చిరపుంజి పక్కన మావ్‌మ్లుహ్ గుహ రాయి 4200 ఏళ్ల కిందటి ఒక పెద్ద ఎండు దశని చూపించింది. భూగర్భ శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘం 2018లో అప్పటి నుంచి ఇప్పటి దాకా ఉన్న కాలానికి మేఘాలయ యుగం అని పేరు పెట్టింది. మనమందరం ప్రస్తుతం అందులోనే ఉన్నాం. అంత చిన్న సంఘటనకి అంత పెద్ద పేరా అని పెదవి విరిచిన శాస్త్రవేత్తలూ ఉన్నారు.

మూడోది బురద. వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర నిలబడితే ఎర్రటి నీరు సుళ్లు తిరుగుతూ పోతుంది. ఆ ఎరుపంతా మట్టి. బ్యారేజీ దాటి, అంతర్వేది దగ్గరా యానాం దగ్గరా సముద్రంలో దిగి, అడుగున పేరుకుంటుంది. ఏటా ఒక పొర, వేల ఏళ్లుగా. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే నౌక కృష్ణా గోదావరి బేసిన్‌లో సముద్రం అడుగున గడ్డకట్టిన గ్యాసు నిల్వల కోసం తవ్వింది. గ్యాసు వాళ్లకి అక్కర్లేని పై బురద వాతావరణం వాళ్లకి బంగారమైంది. గోదావరి ముఖద్వారానికి ఎదురుగా, సుమారు 1270 మీటర్ల లోతు నీళ్ల కింద నుంచి తీసిన ఒక బురద కడ్డీని అమెరికాలోని వుడ్స్ హోల్ సంస్థ వాళ్లు పరిశీలించి 2012లో ఫలితాలు చెప్పారు.

వాళ్లు అందులో వెతికింది ఆకుల మైనం. ఏ ఆకు పైనైనా చెయ్యి పెడితే నున్నగా తగిలే పూత ఉంటుంది, నీళ్లు ఆవిరైపోకుండా. ఆకు కుళ్లిపోయినా ఆ మైనం పోదు, మట్టితో కొట్టుకుపోయి సముద్రంలో నిలవ ఉంటుంది. చెట్లు, వరి ఒక రకంగా గాలిని పీల్చుకుని ఎదుగుతాయి. జొన్న, సజ్జ, బీళ్లలో మొలిచే గడ్డి, అంటే ఎండని ఓర్చుకునేవి, ఇంకో రకంగా. ఆ తేడా మైనంలోని కార్బన్ బరువులో పడుతుంది. కాబట్టి ఒక్కో పొరలో మైనాన్ని తూస్తే నాసిక్ నుంచి నరసాపురం దాకా నదికి ఇరువైపులా ఆ కాలంలో అడవి ఎక్కువుందా, ఎండుగడ్డి ఎక్కువుందా అన్నది తేలుతుంది. నాలుగు వేల ఏళ్ల కిందట ఒకసారి, 1700 ఏళ్ల కిందట మరోసారి మెట్లు దిగినట్టుగా పరీవాహకం ఎండుతూ వచ్చిందని తేలింది. మొదటి మెట్టు దగ్గరే, అటూ ఇటూగా, దక్కను పీఠభూమి మీద జనం ఊళ్లు కట్టుకుని చిరుధాన్యాల సేద్యం మొదలెట్టడం పురావస్తు శాస్త్రజ్ఞులు గుర్తించారు.

ఆ బురదలోనే ఇంకో సంగతి ఉంది. వానలు తగ్గితే నది తెచ్చే మట్టి కూడా తగ్గాలి. తగ్గలేదు, పెరిగింది. పెరిగిన మట్టి ఎక్కడిదా అని నియోడైమియం అనే మూలకంతో జాతకం చూస్తే, ఎగువన మహారాష్ట్ర రేగడి నేలలది. అడవి పలచబడి, నాగలి దిగిన నేల కొట్టుకొచ్చిందని 2017లో అదే బృందం రాసింది. అంటే ఆ పై పొరల్లో మైనం చెప్పే ఎండుదనంలో వానల వాటా ఎంత, మనిషి గొడ్డలి వాటా ఎంత అన్నది విడదీయడం అంత తేలిక కాదు. నాకు ఈ బురద మీద గురి పెరిగింది అందుకే. మనం అడిగినదానికే కాక అడగనిదానికీ జవాబిచ్చింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇదంతా తెలుసుకుని రైతుకి ఒరిగేదేమిటని ఎవరైనా అడగొచ్చు. జవాబు నీళ్ల పంపకంలో ఉంది.

అమెరికాలో కొలరాడో నది నీటిని 1922లో ఏడు రాష్ట్రాలు పంచుకున్నాయి. ఎగువ వాళ్లకి సగం, దిగువ వాళ్లకి సగం, మొత్తం మన లెక్కలో 653 టీఎంసీలు. 1944లో మెక్సికోకి మరో 65 ఒప్పుకున్నారు. అప్పటికి ఉన్న కొద్దిపాటి కొలతల ప్రకారం నదిలో అంతకు తక్కువ పారదు. 1976లో స్టాక్టన్, జాకోబీ అనే ఇద్దరు ఆ పరీవాహకంలోని చెట్ల గీతలతో నాలుగు వందల ఏళ్ల ప్రవాహాన్ని వెనక్కి లెక్కగట్టారు. దీర్ఘకాలపు సగటు సుమారు 588 టీఎంసీలే అని వచ్చింది. ఒప్పందానికి ఆధారమైన ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లు ఆ నాలుగు వందల ఏళ్లలోకెల్లా అత్యంత తడి కాలాల్లో ఒకటట. లేని నీళ్లని కాగితం మీద పంచుకున్నారన్నమాట. హూవర్ డ్యాం వెనక మీడ్ జలాశయం 2022 వేసవిలో, 1930ల్లో తొలిసారి నింపినప్పటి తరవాత ఎన్నడూ లేనంతగా అడుగంటింది.

మన కృష్ణకి రండి. బచావత్ ట్రిబ్యునల్ విజయవాడ దగ్గర 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ల ప్రవాహం లెక్క చూసింది. నూటికి డెబ్బై అయిదేళ్లు కచ్చితంగా వచ్చే నీరు 2060 టీఎంసీలని తేల్చి, మహారాష్ట్రకి 560, కర్ణాటకకి 700, ఆంధ్రప్రదేశ్‌కి 800 ఇచ్చింది. తరవాత బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 1961 నుంచి 2008 దాకా 47 ఏళ్ల లెక్క తీసుకుంది. ఆ డెబ్బై అయిదు శాతం నీరు 2173 టీఎంసీలైంది. చూశారా, నది అదే, చూసిన కిటికీ మారింది, నూటపదమూడు టీఎంసీలు పుట్టుకొచ్చాయి. ఆ తేడా మీద న్యాయవాదులు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. నలభై ఏడేళ్లు చాలా, డెబ్బై ఎనిమిదేళ్లు చాలా అని. గుహ దగ్గర నిలబడి చూస్తే రెండూ చిన్నవే.

నిడివి ఒక్కటే కాదు. నూటికి డెబ్బై అయిదు అన్న మాటలో దాగిన ఊహ ఒకటుంది. మిగిలిన పాతికేళ్లు చెడ్డవి అనుకుందాం. అవి అక్కడొకటి ఇక్కడొకటి చెల్లాచెదురుగా వస్తే శ్రీశైలం, సాగర్ తట్టుకుంటాయి. మంచి ఏడు నింపుకున్నది చెడ్డ ఏడు వాడుకుంటాం. ఆ పాతికలో పది వరసగా వచ్చిపడితే? శాతం మారదు, కాగితం మీద ఇప్పటికీ డెబ్బై అయిదే. జలాశయంలో మాత్రం మూడో ఏటికే అడుగు కనిపిస్తుంది. దండక్ గుహ, అరిజోనా దుంగ, ఆసియా చెట్లు, ఎక్కడ చూసినా చెడ్డ ఏళ్లు గుంపులుగా వచ్చాయి. 1871 తరవాత కొలిచిన కాలంలో మనకి అంత పెద్ద గుంపు తగల్లేదు. అలాంటిది రాదని చెప్పడానికి మన దగ్గర ఆధారం లేదు, వచ్చి ఉందని చెప్పడానికి ఉంది. నీటిపారుదల ప్రాజెక్టుల పరీక్ష ఈ 78 ఏళ్ల వరసతోనో 47 ఏళ్ల వరసతోనో ఆగిపోకుండా, దుర్గాదేవి కరువులాంటి పన్నెండేళ్లని కంప్యూటర్‌లో పారించి చూడాలని నా అభిప్రాయం. దానికి కొత్త డ్యాం కట్టనక్కర్లేదు, ఇంజనీర్లకి కొన్ని నెలల పని.

ఆ పనికి మన తెలుగు నేలలో దొరికే వరసలు ఇంకా కావాలి. ఆదిలాబాద్ అడవుల్లో, పాపికొండల్లో ముసలి టేకు చెట్లు మిగిలినవి తక్కువ. మంచివన్నీ ఎప్పుడో నరికేశారు. అయితే నరికినవి ఎక్కడికి పోయాయి? తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రి దించారు. అక్కడి అడితుల నుంచి ఇళ్లకీ గుళ్లకీ సత్రాలకీ దూలాలుగా, స్తంభాలుగా చేరాయి. రెండొందల ఏళ్ల కిందటి మండువా లోగిలిలో దూలమంటే, ఆ మాను కొట్టేనాటికే దాని వయసు ఇంకో రెండొందలు ఉండొచ్చు. ఇప్పుడు ఆ ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. దూలాలు కోసి తలుపులు, సోఫాలు చేయిస్తున్నారు. చేయించుకోండి, తప్పులేదు. కోసేముందు ఒక పని చేయొచ్చు.

దూలం చివర నుంచి అడ్డంగా, జానెడు కన్నా తక్కువ మందంలో ఒక బిళ్ల కోయించండి. బాడిసతో చెక్కేటప్పుడు వడ్రంగులు సాధారణంగా చేవ పట్టని పై చెక్క తీసేస్తారు, దానితో ఆఖరి ఏళ్లు పోతాయి. ఎక్కడైనా ఒక మూల ఆ తెల్ల చెక్క మిగిలి ఉంటే, ముఖ్యంగా బెరడు అంచు ఉంటే, ఆ మూల పోకుండా చూడమనండి, చెట్టు కొట్టిన ఏడు అక్కడే ఉంటుంది. నునుపు పట్టవద్దు, వార్నిష్ వేయవద్దు. ఊరు పేరు, ఇంటి వివరం, కట్టిన ఏడు తెలిస్తే ఆ ఏడు, కలప ఎటునుంచి వచ్చిందో పెద్దలు చెబితే అదీ ఒక కాగితం మీద రాసి దానికి కట్టండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే బూజు పడుతుంది, పాత వార్తాపత్రికలో చుడితే చాలు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థలోనూ లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థలోనూ ఈ గీతలు చదివేవాళ్లున్నారు. మీ దగ్గర్లో భూగర్భ శాస్త్రమో వృక్షశాస్త్రమో చెప్పే కాలేజీ ఉంటే ముందు వాళ్లకి చూపించండి.